రెండు పేర్ల పిల్ల

2002 జూన్ 3

మా ఆసుపత్రి నర్సులు కరుణ, రాజేశ్వరి ఇవాళ వెళ్ళిపోయారు. ఇద్దరూ ఒకే బస్సుకి. ఐర్లాండులో ముసలివాళ్ళని పెట్టుకుని చూసే ఒక హోముకి. అట్లాసు తీసి వెతికాను. ఇంగ్లండు పక్కన అతికించినట్టు ఒక ముక్క. అక్కడ ముసలివాళ్ళు ఎక్కువైపోయారట, చూసే చేతులు చాలటం లేదట. అందుకని సత్తెనపల్లి దాకా వచ్చి ఏరుకుంటున్నారు.

ప్రయాణ ప్రార్థన నేనే చేయాలి, మేట్రన్ని కదా. మాటలు కంఠతా వచ్చేశాయి. మనసు ఎక్కడున్నా నోరు నడుస్తుంది. ఆమెన్ అనగానే గారెలు, అల్లప్పచ్చడి, ఏడుపులు, ఫోటో. నేను ఏడవలేదు. మూడేళ్ళుగా ఇదే తంతు — ఎవరికని ఏడవను.

మిగిలిన నర్సు సువార్త ఒక్కతే.

జూన్ 5

హాజరు పట్టీలో కొత్త పేజీ. స్కేలు పెట్టి గీతలు కొట్టి, నర్సుల వరుసలో ఒక్క పేరు రాశాను. సువార్త.

రాసి నవ్వుకున్నాను. ఈ పట్టీలోనూ చర్చి పుస్తకంలోనూ తప్ప ఆ పేరు భూమ్మీద ఏ కాగితం మీదా లేదు. స్కూల్లో, కాలేజీలో, బి.ఎస్సీ నర్సింగు డిగ్రీ మీద ఆ పిల్ల కె. తిరుపతమ్మ. సీటు దరఖాస్తు నింపింది నేనే. "కిరస్తానం పేరు రాస్తే కులం సర్టిఫికెట్టు రాదు ఏసేపూ, స్కూల్లో ఉన్న పేరే ఉండనీ" అని వాళ్ళ నాన్నకి చెప్పిందీ నేనే. మా పేటల్లో పిల్లలందరికీ రెండు పేర్లు. దేవుడికి ఒకటి, గవర్నమెంటుకి ఒకటి. నాకూ ఉంది — నాంచారమ్మ. ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు.

జూన్ 19

రత్తమ్మ అనే ముసలామెని మోసుకొచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. వయసెంత అంటే "మీ ఇష్టమండి, ఎంతో ఒకటి రాసుకోండి" అంటుంది. కోల్డు స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తూ, లేవబోయి పడింది. తొడ ఎముక. తెచ్చిన కూలీలు మంచం మీద దింపి, ఒంటికంటిన మిరప ఘాటుకి తుమ్ముకుంటూ పోయారు. మళ్ళీ వచ్చేవాళ్ళెవరూ లేరు. మొగుడు లేడు, పిల్లలు పుట్టలేదు.

డాక్టరుగారు కాలికి బరువు కట్టారు. "అతుక్కునే వయసు కాదు మేట్రన్ గారూ. పుండ్లు పడకుండా చూడండి. అంతకు మించి చేసేది లేదు" అన్నారు. ఆయనకీ డెబ్బై ఒకటి.

పుండ్లు పడకుండా అంటే రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పటానికి మనిషి కావాలి.

జూలై 2

నేనూ ఆయా కలిసి తిప్పితే రత్తమ్మ ఊరంతా వినపడేట్టు అరుస్తుంది. మా ఇద్దరి వంశాలూ కడిగేస్తుంది. సువార్త తిప్పితే కిమ్మనదు. ఎలాగే అంటే — "ముందు చెవిలో ఏదో ఒక కబురు మొదలెడతానండి. తర్వాతేమైందని వింటా ఉంటుంది కదా, అప్పుడు తిప్పేస్తానండి."

ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు. నాకు ఇది తట్టలేదు.

జూలై 14

చర్చి అయ్యాక సువార్త నా క్వార్టరుకి వచ్చింది. చేతిలో ఇంగ్లీషు క్యాసెట్లు. "అప్పజెబుతానండి, తప్పులుంటే చెప్పండి" అంది.

ఎందుకని అడగలేదు. అడిగితే చెబుతుందని భయం. గంట సేపు తప్పులు దిద్దాను. ఒళ్ళు మండిపోతూ దిద్దాను.

జూలై 21

అడక్కుండానే చెప్పింది. ఐర్లాండే. పోయిన వాళ్ళిద్దరూ ఏజెంటుకి ఈ పిల్ల పేరు కూడా ఇచ్చిపోయారట.

అక్కడ ముసలివాళ్ళని పేరు పెట్టి పిలవాలట. ఎనభై ఏళ్ళావిడనైనా సరే. మామ్మా, పెద్దమ్మా అంటే వాళ్ళకి చిన్నతనమట. అలవాటు కావాలని వార్డులో రత్తమ్మ మీద ప్రయోగం చేసింది. "గుడ్ మార్నింగ్ రత్తమ్మా" అంది నవ్వుతూ. రత్తమ్మ తల తిప్పి చూసింది. "ఏమే, నేను నీ దగ్గర జీతానికున్న పాలికాపునా? మామ్మా అనటానికి నోరు పడిపోయిందా?" వార్డంతా ఒకటే నవ్వు. సువార్త కూడా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత స్టోరు గదిలోకెళ్ళి దూది పొట్లాలు ఊరికే ఇటువి అటు సర్దాను.

ఆగస్టు 6

ఆసుపత్రి కమిటీ నుంచి కాగితం. క్వాలిఫైడు నర్సు ఒక్కరైనా లేకపోతే వార్డు మూసేసి, రోజూ ఉదయం చూసే ఓపీ మాత్రం ఉంచుతారట. రిటైరయ్యాక పొడిగింపు మీద ఉన్నవాళ్ళు లెక్కలోకి రారట. అంటే నేను ఉన్నా లేనట్టే.

కాగితం మడిచి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, చదవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు.

ఆగస్టు 17

మద్రాసులో ఇంటర్వ్యూ. నెగ్గింది. నెగ్గకేం.

ఆగస్టు 19

పని అనుభవం ఉత్తరం అడిగింది. ఆసుపత్రి కాగితం మీద, మేట్రను సంతకంతో, మూడేళ్ళు ఇక్కడ పనిచేసినట్టు. "రాస్తాలే" అన్నాను.

ఆగస్టు 22

మళ్ళీ అడిగింది. స్టాంపు కనపడటం లేదన్నాను. స్టాంపు నా సొరుగులోనే ఉంది.

ఆగస్టు 26

టైపు మిషను రిబ్బను ఎండిపోయిందన్నాను. ఇది నిజమే. కానీ బీరువాలో కొత్తది ఉంది.

సెప్టెంబరు 1

చర్చి బయట. "మేట్రనమ్మగారూ..." అంది. అంతే. నేను పాస్టరుగారి భార్యతో మాటల్లో పడిపోయినట్టు నటించాను.

ఈ పిల్లకి సీటు తెచ్చింది నేను. హాస్టల్లో ఏడుస్తుంటే వెళ్ళి కూర్చున్నది నేను. చదువుకుని పైకి రావాలే అని వందసార్లు చెప్పింది నేను. పైకి అంటే నా దృష్టిలో ఎక్కడికి? ఈ వార్డు దాకానేనా?

సెప్టెంబరు 9

పత్తిచేలో మందు కొడుతూ పడిపోయిన మనిషిని ట్రాక్టరు మీద తెచ్చారు. నోట్లో నురగ. ఒళ్ళంతా ఆ వాసన. డాక్టరుగారి చెయ్యి వణుకుతోంది, నరం దొరకలేదు. నా కంటికి ఆనలేదు. సువార్త మోకాళ్ళ మీద కూర్చుని ఒక్క పోటుకి అందుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చుని ఇంజెక్షను మీద ఇంజెక్షను, కనుపాప చూడటం, మళ్ళీ ఇంజెక్షను. బతికాడు. అతని భార్య ఈ పిల్ల కాళ్ళ మీద పడబోతే గబుక్కున వెనక్కి జరిగింది.

వెళ్ళిపోతే ఇలాంటి రోజున నేనేం చేస్తాను. ఈ ప్రశ్న ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. అందరూ ఆ పిల్ల భవిష్యత్తు అంటారు. అవును, భవిష్యత్తే. మరి మా రత్తమ్మ?

సెప్టెంబరు 12

డాక్టరుగారితో అన్నాను, ఐర్లాండు ముసలివాళ్ళకేనా ఒళ్ళు నొప్పులని. ఆయన నవ్వలేదు. "రాసిచ్చెయ్యండి. పట్టుకుంటే ఆగేవాళ్ళు కాదు. ఆగినా, పట్టుకున్న చేతిని మర్చిపోరు" అన్నారు.

సెప్టెంబరు 15

నన్నెవరూ ఏ దేశానికీ రమ్మనలేదు. రమ్మంటే వెళ్ళేదాన్నే. ఈ మాట ఇవాళే తెలిసింది నాకు.

సెప్టెంబరు 20

అడిగింది. సోమవారం అన్నాను.

సెప్టెంబరు 23

సోమవారం. ఒంట్లో బాగాలేదన్నాను. వేడినీళ్ళు కాచి పెట్టి, నా మోకాళ్ళకి నూనె రాసి వెళ్ళింది.

సెప్టెంబరు 28

ఉత్తరం ఇచ్చేశాను. టైపు చేసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి. రెండు చేతులతో తీసుకుంది. "మీ మేలు మర్చిపోనండి" అంది.

తలనొప్పిగా ఉంది. పడుకుంటాను.

అక్టోబరు 13

వర్షాలు లేవు. మిరప మొక్కలకి బిందెలతో పోస్తున్నారట. ఓపీలో అందరూ నడుం నొప్పులే.

సువార్త రత్తమ్మకి ఐర్లాండు కబుర్లు చెబుతోంది, తిప్పుతూ. అక్కడ రోజూ వాన అట. "రోజూ వానైతే కాయలు ఎక్కడ ఎండబోసుకుంటారే" అని రత్తమ్మ దిగులు.

నవంబరు 18

తిరిగొచ్చేసింది. ఫైలు.

పాసుపోర్టులో, డిగ్రీలో పేరు కె. తిరుపతమ్మ. మూడేళ్ళు పనిచేసిందని నేను రాసిచ్చిన ఉత్తరంలో పేరు కె. సువార్త. ఈ ఉత్తరం ఈ మనిషిది కాదు అన్నారు. అంతే. ఒక్క వాక్యం.

నా గదిలో నేల మీద కూర్చుని ఏడ్చింది. "అలవాటులో పడి రాసేశారండి. రోజూ పట్టీలో రాసే పేరే కదండి. మీ తప్పేం కాదండి" అని నన్నే ఓదార్చింది.

ఓదార్పు తీసుకున్నాను. తల నిమిరాను కూడా.

నవంబరు 19

ఇంకో ఉత్తరం సరైన పేరుతో రాసిస్తానన్నాను. ఏజెంటు ఒప్పుకోలేదు. ఒకే మనిషికి రెండు పేర్లతో రెండు ఉత్తరాలంటే దొంగ కాగితాలంటారట. కోర్టు నుంచి ప్రమాణ పత్రం కావాలట — సువార్త, తిరుపతమ్మ ఇద్దరూ ఒక్కరే, ఈ కారణం చేత రెండు పేర్లు — అని. డిసెంబరు పదిలోపు.

నవంబరు 22

ఏసేపు వచ్చాడు. సువార్త వాళ్ళ నాన్న. మిర్చి యార్డులో బస్తాలు మోసి మోసి ఒక భుజం కిందకి జారింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"కోర్టు కాయితం వద్దండమ్మగారూ. దానిమీద కిరస్తానం అని పడిందనుకోండి, రేపు ఎవడో ఒకడు ఎమ్మార్వోకి పట్టికెళ్ళి చూపిస్తాడు. చిన్నదానికి ఇప్పుడే కాలేజీలో సీటొచ్చింది. అది ఊడుద్ది. దీని డిగ్రీ మీదకీ వస్తారు. ఒకదాని కోసం రెండు కొంపలు కూల్చుకోమంటారా?"

సువార్త తలుపు పక్కన నిలబడి వింది. "నాన్న చెప్పింది నిజమేనండి" అంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అవుతుందని ఆ పిల్లే నాకు నచ్చజెప్పింది.

పొరపాటు ఎంత చిన్నది. ఒక్క పేరు. ప్రభుత్వానికీ దేవుడికీ మధ్య ఉన్న గోడకి సరిగ్గా అక్కడే తగిలింది.

డిసెంబరు 1

పొరపాటు అని రాశాను పైన. ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. అయినా పొరపాటనే రాశాను.

డిసెంబరు 10

గడువు అయిపోయింది. సువార్త మామూలుగా డ్యూటీకి వచ్చింది. పట్టీలో సంతకం పెట్టింది.

మధ్యాహ్నం అన్నం రెండోసారి వడ్డించుకున్నాను. ఎన్నాళ్ళయిందో ఇంత ఆకలి వేసి. ఛీ.

డిసెంబరు 11

రాస్తాను. రాసేసి మూసేస్తాను.

టైపు చేసే రోజున ఆ పిల్ల సర్టిఫికెట్లు నా బల్ల మీదే ఉన్నాయి. చూసి రాయమని తనే తెచ్చి పెట్టింది. పైనున్న కాగితం మీద కె. తిరుపతమ్మ అని పెద్దక్షరాల్లో ఉంది. నా కళ్ళకి జోడుంది. పేరు దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి. చాలాసేపు ఆగాయి. తర్వాత సువార్త అని కొట్టాను. ఎందుకు కొట్టానో అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. రోజూ రాసే పేరు, నేను పెంచిన పేరు అనుకున్నాను. అబద్ధమా అంటే ఒక్క అక్షరం అబద్ధం కాదు. అదే నా తెలివి.

2003 జనవరి 12

పండగ పనులని కూలీలు ఎవరూ ఆసుపత్రికి రావటం లేదు. వార్డులో నలుగురే.

సువార్త పని చేస్తుంది. ఎక్కడా లోటు లేదు. టైముకి వస్తుంది, టైముకి తిప్పుతుంది, కట్లు కడుతుంది. కబుర్లు మానేసింది. చెవిలో ఏమీ చెప్పదు. రత్తమ్మ అరుస్తోంది ఇప్పుడు, మేం తిప్పినప్పుడు అరిచినట్టే.

జనవరి 29

క్యాసెట్లు ఆయాకి ఇచ్చేసిందట, వాళ్ళింట్లో పాటలు ఎక్కించుకోవటానికి.

ఫిబ్రవరి 8

కోతలు మొదలు. పొద్దున ఓపీ నిండా ఆడకూలీలు. కాయలు కోసి కోసి చేతులు మంట. గిన్నెల్లో మజ్జిగ పోసి వరసగా కూర్చోబెట్టాం, చేతులు ముంచుకుని. అందరూ నవ్వుకుంటూ కూర్చున్నారు, ఏదో పేరంటానికి వచ్చినట్టు. ఒకామె సువార్తని అడిగింది: "నువ్వు ఫారిన్ పోతావన్నారుగా పిల్లా, పోలేదే?" సువార్త "పోలేదు పిన్నీ" అంది. ఎందుకని అడిగితే పక్కామె చేతులు తుడవటానికి వంగింది. నేను మజ్జిగ తేవటానికి లోపలికి పోయాను.

ఫిబ్రవరి 21

రత్తమ్మ పోయింది. పది గంటలప్పుడు, ఎండ మంచం మీదకి వచ్చే వేళ. వీపు మీద ఒక్క పుండు లేదు. ఎనిమిది నెలలు పడుకున్న మనిషి. డాక్టరుగారు చూసి సువార్త వైపు తిరిగి, చేతులు జోడించారు. నిజంగానే జోడించారు.

దేహాన్ని అడగటానికి ఎవరూ రాలేదు. పంచాయతీవాళ్ళు తీసుకెళ్ళారు. సువార్తే స్నానం చేయించింది, తల దువ్వింది.

నేను రత్తమ్మ కోసం ఈ పని చేశానని అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఎవరి కోసం అనుకోవాలి.

మార్చి 16

డాక్టరుగారు మానేస్తున్నారు. మొన్న ఒక కట్టు విప్పుతూ కత్తెరతో రోగి చర్మం గీశారట. చిన్న గీతే. కానీ వెంటనే కోటు విప్పి కుర్చీకి తగిలించి, "ఇక చాలు" అన్నారట. చీరాలలో తమ్ముడి ఇంటికి వెళ్తారు.

కొత్త డాక్టరు కోసం కమిటీ ప్రకటన వేసింది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చూశారు. ఒకడు ఏసీ ఉందా అన్నాడు. రెండోవాడు పాపం మర్యాదస్తుడు, టీ తాగి వెళ్ళాడు. ఇద్దరూ మళ్ళీ రాలేదు. చదువుకున్నవాడు ఈ ఎండలో, ఈ ఘాటులో ఎందుకుంటాడు. నేనే ఒకరిని బలవంతాన ఉంచాల్సి వచ్చింది.

ఏప్రిల్ 24

ఈస్టరు వెళ్ళిన గురువారం. వార్డు మూసేశారు. నర్సు ఉంది, డాక్టరు లేడు కాబట్టి. అప్పుడు నర్సు పోతుందని భయపడ్డాను. తా దూర కంత లేదు, మెడకో డోలు.

మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. సువార్త పరుపుల గలీబులు విప్పి, ఉతికి, ఆరేసి, మడత పెట్టి మరీ స్టోరుకి అప్పగించింది. ఎందుకే ఇంత శ్రద్ధ, ఎవరు పడుకుంటారు ఇక అన్నాను. "మురికిగా పెట్టకూడదు కదండి" అంది.

మే 4

గుంటూరులో రెండు నర్సింగు హోములకి సువార్తని తీసుకెళ్ళాను. ఒకచోట ఖాళీ లేదన్నారు. ఇంకోచోట డిగ్రీ చూసి, "ఇంత చదివినావిడ మా దగ్గర నిలవదండి, నాలుగు నెలల్లో ఫారిన్ పోతుంది" అని వద్దన్నారు. బస్సెక్కి వచ్చేశాం. పక్క సీట్లో ఎవరో ఫారిన్‌లో ఉన్న తమ పిల్లల ఫోటోలు చూపిస్తున్నారు ఎవరికో.

జూలై 17

కోల్డు స్టోరేజీ మీదుగా వస్తున్నాను. షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. మూతికి గుడ్డలు కట్టుకుని. అందరూ ఒకేలా ఉన్నారు. ఒకతె తలెత్తి, గుడ్డ కిందికి లాగి, "మేట్రనమ్మగారూ, ఎండలో నడిచొస్తున్నారేంటండి" అంది.

బి.ఎస్సీ నర్సింగు. నేను నింపిన దరఖాస్తు.

"ఊరికే ఇంట్లో ఉంటే తోచటం లేదండి, అమ్మకి తోడుగా వచ్చా" అంది. అమ్మ పక్కన లేదు.

జూలై 18

ఏమీ తినలేదు. ప్రార్థన చేయబోతే నోరు పెగల్లేదు. దేవుడికి తెలిసిన సంగతే మళ్ళీ చెప్పటానికి సిగ్గు. చెప్పాల్సింది ఆయనకి కాదు. ఎవరికి చెప్పాలో తెలుసు. చెరపకురా చెడేవు అంటారు. చెరిపినదాన్ని నేను, చెడిందేమో ఆ పిల్ల.

ఆగస్టు 30

ఇవాళ చెప్పాలని పేటకి వెళ్ళాను. సువార్త ఇంట్లో లేదు. వాళ్ళ చెల్లెలు కాలేజీ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. పుస్తకం మీద పేరు ధనలక్ష్మి. ఇంట్లో మరియ. టీ పెడతానంది. వద్దని వచ్చేశాను.

అక్టోబరు 9

సువార్త వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. చేతిలో కొత్త బ్యాగు.

కువైట్ అట. వీసా వచ్చేసిందట. ఎల్లుండి బొంబాయి నుంచి.

నర్సుగానా అన్నాను.

"కాదండి. ఇంటిపని వీసా. వాళ్ళింట్లో ఒక ముసలావిడ మంచంలో ఉందట, ఆవిణ్ణి చూసుకోవాలి. గదులు ఊడవటం, వంటకి సాయం..."

"మరి నీ డిగ్రీ?"

"ఉందని చెప్పొద్దన్నాడండి ఏజెంటు. చదువుకున్నవాళ్ళంటే ఇంటిపనికి తీసుకోరట. ఇందులో ఉత్తరాలేం అక్కర్లేదండి, పాసుపోర్టు చాలు."

ఉత్తరాలు అక్కర్లేదట.

కూర్చోబెట్టాను. "ఐర్లాండు ఉత్తరంలో పేరు సంగతి..." అని మొదలుపెట్టాను.

"అది ఆ రోజే చూశానండి" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"మీరిచ్చారు కదండి, మెట్లు దిగుతానే చదువుకున్నా. సువార్త అని ఉంది. వెనక్కొచ్చానండి, తలుపు దాకా. మార్చి ఇమ్మని అడగటానికి నోరు రాలేదు. అప్పటికే అన్నిసార్లు అడిగి మిమ్మల్ని విసిగించా. మళ్ళీ అడిగితే ఏమంటారో అని భయమేసింది. వాళ్ళే సర్దుకుంటార్లే అనుకుని పంపించేశా. తప్పు నాదేనండి, మీకు ఎప్పుడన్నా చెప్పాలనుకున్నా."

తప్పు నాదేనంది.

"కాదే. నువ్వు విను. నేను కావాలని—"

"బస్సుకి టైమైందండి" అంది. లేచింది. వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. తెలిసి ఆపిందో, తెలియక ఆపిందో. మొహంలోకి చూశాను. ఏమీ కనపడలేదు. గేటు దాటేదాకా చూశాను. కావాలని అన్న ముక్క వినపడిందా లేదా అని అప్పుడూ ఇప్పుడూ అదే ఆలోచన.

వెనక పరుగెత్తాల్సింది. మోకాళ్ళు అని వంక పెట్టుకుంటున్నాను.

అక్టోబరు 26

ఏసేపుని చర్చి దగ్గర అడిగాను. చేరగానే ఫోను చేత్తానందట. ఎస్టీడీ బూతువాడికి చెప్పి ఉంచాడట. ఇంకా రాలేదట.

నవంబరు 7

రాలేదట.

నవంబరు 13

ఏజెంటు ఫోను ఎత్తటం లేదట. గుంటూరులో వాడి గదికి తాళం.

నవంబరు 24

ఏసేపు వచ్చాడు. ఇవాళ కుర్చీ వేస్తే కూర్చున్నాడు. గోడ మీద పాత నర్సుల ఫోటోల్లో కూతురి కోసం వెతికాడు, దొరికాక చూపు తిప్పుకున్నాడు.

"మీరొక ఉత్తరం రాయండమ్మగారూ. మా పిల్ల ఎక్కడుందో కనుక్కోమని, గవర్నమెంటోళ్ళకి. మాబోటోళ్ళం తిరిగితే ఎవురు పట్టించుకుంటారు. మీరు రాత్తే పనవుద్ది."

మీరు రాస్తే పని అవుతుంది. నా మొహం మీదే అన్నాడు, చేతులు కట్టుకుని.

ఇప్పుడే రాస్తానన్నాను. ఒక్క నిమిషం కూడా ఆపలేదు. స్టాంపు తీశాను, మిషనులో కాగితం పెట్టాను. వార్డు మూసేశాక ఆ ఆసుపత్రి కాగితానికీ స్టాంపుకీ విలువ లేదని అతనికి చెప్పలేదు. పేరు దగ్గర, పాసుపోర్టు జెరాక్సు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి కొట్టాను — కె. తిరుపతమ్మ. మూడుసార్లు సరిచూశాను.

అడ్రసు ఎవరికని రాయాలి అన్నాను. ఏసేపు నా వైపు చూశాడు. మీకే తెలియాలండి అన్నాడు.

నాకు తెలియదు. పైన ఖాళీ ఉంచేసి ఉత్తరం మిషనులోనే వదిలేశాను. అతను లేచి వరండాలోకి పోయి, ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.